దత్తమండలములలో వీథిబడియు, బడిపంతులును

"బ్రతుకలేక బడిపంతులు" అను సామెత వినని తెలుగువారుండరు. దానిని హాస్యమునకు వాడుటయే గాని, అది యే లెక్కనుండి పుట్టినదో విచారించినవారు తక్కువ. సామెతలు ఊరక పుట్టవు. కర్నూలు, కడప జిల్లాల మెట్టసీమలో గడచిన రెండువందల యేండ్లుగా పల్లెబడి యెట్లు నడచినదో, ఎట్లు చెడినదో, మరల నెట్లు నిలిచినదో పరిశీలించినచో ఈ సామెతకు మూలము తెలియగలదు. గ్రంథాలయమునకు పాఠకులు ప్రాణము. ఆ పాఠకులకు మొదటి అక్షరము దిద్దించినవాడు బడిపంతులు. కావున ఒక పల్లె తన గ్రంథాలయ రజతోత్సవమును జరుపుకొను వేళ ఆ పంతులు చరిత్రను తలచుకొనుట ఉచితము.

1800లో నైజాము ప్రభువు తుంగభద్రకు దక్షిణముననున్న తన భూములను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తము చేసెను. అవియే దత్తమండలములు. వానికి ముఖ్య కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఈ సీమలో ఊరూరు తిరిగి రైతువారీ పద్ధతికి పునాది వేసెను. కర్నూలు మాత్రము 1839 వరకు నవాబుల యేలుబడిలోనే యుండెను. నేడు కర్నూలు జిల్లాలో నున్న ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 వరకు బళ్ళారి జిల్లాలోనివి. కావున ఈ సీమ బడుల మొదటి లెక్కలు కావలెనన్నచో బళ్ళారి, కడప కలెక్టరుల నివేదికలనే చూడవలెను.

ఆ నివేదికలకు కారకుడు మన్రోయే. 1820లో మద్రాసు గవర్నరైన పిమ్మట, 1822 జూన్ 25వ తేదీన ఆయన ప్రతి జిల్లాలోను ఎన్ని బడులున్నవో, ఎందరు చదువుచున్నారో లెక్క తీయుమని ఆజ్ఞాపించెను. బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంబెల్ 1823 ఆగస్టులో సమాధానము వ్రాసెను. ఈయన 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించినవాడు. అందుచేత ఆయన నివేదిక అంకెలతో ఆగక, బడి లోపలి సంగతులను గూడ చెప్పుచున్నది.

ఆ లెక్క ప్రకారము నాటి బళ్ళారి జిల్లాలో జనసంఖ్య 9,27,857, బడులు 533, చదువువారు 6,641 మంది. ఆ బడులలో కన్నడము చెప్పునవి 235, తెలుగు చెప్పునవి 226, మరాఠీ 23, పారసీ 21, అరవము 4, ఇంగ్లీషు 1. తక్కిన 23 బ్రాహ్మణులు మాత్రమే చదువు సంస్కృత పాఠశాలలు. జనులలో వేయిమందికి ఏడుగురు మాత్రమే బడిలో నుండిరి. బాలికలు జిల్లా మొత్తమునకు 60 మంది. 1825 నాటి కడప కలెక్టరు నివేదికలో 494 బడులు, 5,892 మంది విద్యార్థులు కనిపించుచున్నారు. రెండు జిల్లాలలోను సగటు తీసినచో బడికి పన్నెండుగురు పిల్లలు.

బడికి పంపు కుటుంబము నెలకు నాలుగణాలు, ఆరణాలు, ఎనిమిదణాలు తన శక్తికొలది ఇచ్చుచుండెనని మన్రో వ్రాసియున్నాడు. పన్నెండుగురును ఎనిమిదణాల వంతున తప్పక ఇచ్చిరనుకొన్నను తొంబదియారణాలు, అనగా నెలకు ఆరు రూపాయలు. అందరును నాలుగణాల వారేయైనచో మూడు రూపాయలు. సాధారణముగా పంతులుకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రాదనియు, అంత స్వల్పమైన ఆదాయమునకు తగిన విద్వాంసులు ఈ వృత్తికి రారనియు గవర్నరే స్వయముగా ఒప్పుకొనెను. "బ్రతుకలేక బడిపంతులు" అను సామెతకు ఇంతకంటె స్పష్టమైన పద్దు అక్కరలేదు.

ఇంత పేదబడియైనను దాని నడకలో ఒక క్రమముండెను. అయిదవయేట బిడ్డను బడిలో వేయునపుడు అయ్యవారును, బడిపిల్లలును ఆ యింటికి వచ్చెదరు. వినాయకుని ప్రతిమ ముందు బిడ్డను కూర్చుండబెట్టి, పూజ చేయించి, బియ్యములో బిడ్డ వ్రేలు పట్టి దేవుని నామము వ్రాయించెదరు. మరునాటినుండి చదువు. ఉదయము ఆరు గంటలకే బడి. అందరికంటె ముందు వచ్చిన బాలుని అరచేత గౌరవార్థము సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న చుట్టెదరు. అనగా మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైన వచ్చిన ప్రతివానికి ఒక్కొక్కటి యెక్కువ. ఇదంతయు కాంబెల్ కన్నులార చూచినవాని వలె వర్ణించెను. పిల్లలు మొదట ఇసుకలో వ్రేలితో దిద్దుచుండిరి. కాగితము ఖర్చు లేదు, సిరా ఖర్చు లేదు. బడిని కొన్ని తరగతులుగా విభజించి, క్రింది తరగతులను పెద్దపిల్లల కప్పగించి, పై తరగతిని అయ్యవారు స్వయముగా చూచుకొనెడివాడు. చెప్పిన పిల్లవానికి తన పాఠము గట్టిపడును; విన్నవానికి చదువబ్బును; పంతులొక్కడే అయినను బడి నడచును.

దాని లోపమును గూడ కాంబెల్ దాచలేదు. రామాయణ భారత భాగవతములను పిల్లలు వల్లె వేయుదురే గాని వాని అర్థము చెప్పగల పంతుళ్ళు కొద్దిమంది, గ్రహించు పిల్లలు మరియు కొద్దిమంది అని ఆయన వ్రాసెను. అంతకంటె పెద్దలోపము వేరొకటి కలదు. ఆ అరుగు మీదికి మాల మాదిగల పిల్లలకు ప్రవేశము లేదు. ఆడపిల్లలకు దాదాపు లేదు. పూర్వపు బడిని మెచ్చుకొనువారు ఈ రెండు సంగతులను ఖర్చు వైపున వ్రాసికొనక తప్పదు.

ఇప్పుడొక చిత్రమైన ప్రయాణమును చెప్పవలెను. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథబాలుర శాలకు అధికారియైన ఆండ్రూ బెల్ అను మతగురువు, దేశీయుల బడిలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుటను చూచెను. ఆ ఇసుక పద్ధతిని తన శాలలో ప్రవేశపెట్టి, పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చదువు చెప్పించెను. ఇంగ్లండుకు తిరిగిపోయి 1797లో దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. జోసెఫ్ లాంకాస్టరు అను వేరొకడు అక్కడ ఇట్టి పద్ధతినే వ్యాపింపజేసెను. అది ఇంగ్లండులో ఆవిరియంత్రములు, ప్రత్తిమిల్లులు పెరుగుచున్న కాలము. మిల్లులున్న పట్టణములలో వేలకొలది పేదపిల్లలు చేరిరి. వారికి తక్కువ ఖర్చుతో చదువు చెప్పు మార్గము కావలసియుండెను. ఒక్క పంతులు వందలమందికి చదువు చెప్పించు ఉపాయముగా "మద్రాసు పద్ధతి" అక్కడ ప్రసిద్ధికెక్కెను. వీథిబడి విధానము ఇంగ్లండువారు అనుకరించుటకు తగియే యున్నదని కాంబెల్ దొర ప్రశంసించుట ఈ సంగతి నెరిగియే.

మన బడి పద్ధతి ఓడనెక్కి పోగా, ఆ మిల్లుల బట్ట ఓడనెక్కి వచ్చెను. కాంబెల్ నివేదికలో అన్నిటికంటె ముఖ్యమైన భాగమిదియే. పూర్వము బడులున్న అనేక గ్రామములలో ఇప్పుడు బడులే లేవనియు, పెద్దబడులున్నచోట కలవారి పిల్లలు కొద్దిమంది మాత్రమే చదువుచున్నారనియు, తక్కినవారు లేమిచే రాలేకున్నారనియు ఆయన వ్రాసెను. దీనికి ఆయన చెప్పిన కారణములు మూడు: ఐరోపా నూలుబట్టలు వచ్చి ఇచ్చటి నేతగాండ్ర జీవనము తగ్గిపోవుట, సైన్యములు దూరపు సరిహద్దులకు తరలిపోయి ధాన్యమునకు గిరాకి తగ్గుట, పూర్వము స్వదేశ ప్రభువులును, వారి ఉద్యోగులును ఈ సీమలోనే వెచ్చించిన ధనము ఇప్పుడు దేశము దాటిపోవుట. మధ్యతరగతివారును, పేదలును బడిజీతము ఇచ్చుకొనలేక, బిడ్డల లేతచేతులు ఏ కొంచెము పనికి తగినను వెంటనే పనిలో పెట్టుకొనుచున్నారని ఆయన చెప్పుట చదివినచో మనస్సు కలగును. చెప్పినవాడు కంపెనీ కలెక్టరే యగుటచే ఈ సాక్ష్యమునకు విలువ యెక్కువ.

ఆనాడు లాంకషైరులో మిల్లు బిడ్డను బడికి దూరము చేసెను. ఆదోని సీమలో ఆ మిల్లు బట్టయే బిడ్డను బడికి దూరము చేసెను. రెండుచోట్లను ప్రత్తిపోగు ఒక్కటే. అయితే పిమ్మట రెండు దేశముల దారులు వేరైనవి. ఆ వేరగుటయే ఈ చరిత్రలోని సారము.

నివేదికలన్నియు చేరిన పిమ్మట 1826 మార్చి 10వ తేదీన మన్రో తన నిర్ణయమును వ్రాసెను. మద్రాసు రాజధాని మొత్తమున 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు, 1,28,50,941 జనసంఖ్య. అనగా వేయిమందికి ఒక బడి. పంతుళ్ళకు మంచి శిక్షణయు, నిలుకడయైన జీతమును లేనిదే బడులు బాగుపడవని ఆయన అభిప్రాయము. ప్రతి జిల్లానుండి ఇద్దరిని మద్రాసునకు రప్పించి శిక్షణ నిచ్చుట. జిల్లాకొక హిందూ పాఠశాల, ఒక మహమ్మదీయ పాఠశాల. తాలూకాకొక తాసీల్దారీ పాఠశాల. నెల ఖర్చును ఆయనయే వేసెను. మద్రాసులో శిక్షణ భారము వహించు స్కూలుబుక్ సొసైటీకి 700 రూపాయలు. 20 మహమ్మదీయ పాఠశాలలకు 15 రూపాయల వంతున 300. 20 హిందూ పాఠశాలలకు అట్లే 300. 300 తాసీల్దారీ పాఠశాలలకు 9 రూపాయల వంతున 2,700. వెరసి నెలకు 4,000, సాలుకు 48,000 రూపాయలు. కోటి యిరువది యెనిమిది లక్షల ప్రజల చదువునకు ఇది ఎంత కొద్దిపాటి మొత్తమో వేరుగ చెప్పనక్కరలేదు. అయినను పంతులు జీతము సర్కారు ఖర్చులోనికి ఎక్కెను.

విధి అనుకూలింపలేదు. సెలవుపై స్వదేశమునకు పోవుటకు ముందు మరియొకమారు దత్తమండలములను చూడవచ్చిన మన్రో, 1827 జూలై 6వ తేదీన కర్నూలు జిల్లా పత్తికొండలో కలరా తగిలి మరణించెను. ఆయనను ఈ సీమవారు మన్రోలప్ప యని పిల్లలకు పేరుపెట్టుకొనునంతగా ప్రేమించిరి. గాని ఆయన తలపెట్టిన బడులను కాపాడువారు లేకపోయిరి. పంతుళ్ళ నియామకము తాసీల్దారుల యిష్టమునకు విడువబడెను. తొమ్మిది రూపాయలకు యోగ్యులు రాలేదు. శిక్షణ పల్లెకు చేరలేదు. 1836లో తాసీల్దారీ బడులు ఎత్తివేయబడినవి.

సరిగా ఆ కాలముననే ఇంగ్లండు తన బడులపై ధనము పెట్ట నారంభించెను. 1833లో పార్లమెంటు బడులకు మొదటిసారి 20,000 పౌన్లు మంజూరు చేసెను. ఆ యేటి కార్ఖానా చట్టము మిల్లుపిల్లలకు దినమునకు రెండు గంటల చదువు తప్పనిసరి చేసెను. 1840లో కే-షటిల్‌వర్తు బాటర్సీలో ఉపాధ్యాయ శిక్షణాలయమును స్థాపించెను. 1846లో పదుమూడేండ్ల పిల్లలను అయిదేండ్లపాటు జీతముమీద పంతులు చేతిక్రింద ఉంచి, ఆపైన శిక్షణాలయమునకు పంపు ఏర్పాటు వచ్చెను. మన అరుగుబడిలోని పెద్దపిల్లవాడే అక్కడ జీతము తీసికొను ఉపాధ్యాయ విద్యార్థి యయ్యెను! 1870లో ప్రాథమిక విద్యా చట్టము, 1880లో నిర్బంధము, 1891లో ఉచిత విద్య. పంతులును చేయు పని వేరు, పంతులును పోషించు పని వేరు. ఇంగ్లండు రెండును చేసెను.

ఇక్కడ 1854లో చార్లెస్ ఉడ్ పంపిన ఉత్తరువుతో ఉపాధ్యాయ శిక్షణ మాట మరల వినవచ్చెను. 1856లో మద్రాసులో నార్మల్ స్కూలు ఏర్పడెను. అదియే పిమ్మట సైదాపేట ఉపాధ్యాయ కళాశాల యయ్యెను. గాని పల్లెపంతులు జీవనమునకు దొరికిన యేర్పాటు వేరు. ఇంగ్లండులో 1862లో పుట్టిన "ఫలితమును బట్టి గ్రాంటు" అను పద్ధతి త్వరలోనే ఈ రాజధానికి దిగుమతి యయ్యెను. ఇన్‌స్పెక్టరు ఏటికొకమారు వచ్చి ఒక్కొక్క పిల్లవానిని చదువులో, వ్రాతలో, లెక్కలో పరీక్షించును. తప్పినవాని లెక్కకు గ్రాంటు లేదు. పిల్లవానికి జ్వరము వచ్చినను, తండ్రి వానిని కోతలకు తీసికొనిపోయినను నష్టము పంతులుదే. వర్షము నమ్మరాని మెట్టసీమలో ఈ పద్ధతి ఎంత కఠినమో ఊహింపవచ్చును. 1876 మొదలు 1878 వరకు వచ్చిన మహాక్షామమునకు దత్తమండలములు అల్లాడినవి. 1871, 1881 జనగణనల నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య ఇంచుమించు నాల్గవవంతు తగ్గెను. ఊళ్ళే పాడువడినప్పుడు ఏ పిల్లవాడు పరీక్షకు నిలుచును? ఏ పంతులు గ్రాంటు పొందును? 1871 నాటి స్థానికనిధుల చట్టమును, 1884 నాటి లోకల్‌బోర్డుల చట్టమును వచ్చిన పిమ్మట బడిభారము క్రమముగా బోర్డులపై పడెను. బోర్డుబడి పంతులుకు నెలజీతమను మాట అప్పుడు పల్లెకు వచ్చెను.

అరుగుబడి మూసిన తలుపులు కొన్ని ఈ కాలముననే తెరచుకొనినవి. కడప, జమ్మలమడుగు, నంద్యాల, ముత్యాలపాడు ప్రాంతములలో క్రైస్తవ మిషనులు పల్లెబడులు పెట్టి మాల మాదిగల పిల్లలకు పలక చేతికిచ్చిరి; వారిలోనుండియే పంతుళ్ళను తయారుచేసిరి. వారి మతోద్దేశమును గూర్చి ఎవరి అభిప్రాయము ఎట్లున్నను, ఈ సీమలో తరతరములుగా అక్షరమునకు దూరమైన యిండ్లలో దీపము పెట్టినవారిలో వారు మొదటివారనుట న్యాయము.

ఉపాధ్యాయ శిక్షణ చరిత్రలో కర్నూలువారు మరువరాని పేరు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిది. 1883లో కర్నూలులో జన్మించిన ఆయన రాజమహేంద్రవర శిక్షణ కళాశాలలో ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండగా, 1907లో వందేమాతర ఉద్యమములో పాల్గొన్నందుకు వెళ్ళగొట్టబడిరి. మరుసటి యేట "స్వరాజ్య" పత్రికలోని వ్రాతకు చెరసాల పాలైరి. సర్కారు బడిలో పంతులు కానీయని ఆ మనుష్యుడు పిదప ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును పెద్దదిక్కై 1960లో కీర్తిశేషులగు వరకు పాటుపడిరి. పల్లె గ్రంథాలయము బడికి చెల్లెలని చెప్పుటకు ఆయన జీవితమే నిదర్శనము.

1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టము నిర్బంధ విద్యకు దారి తీసి, స్థానిక సంస్థలకు విద్యాపన్ను వేయు అధికార మిచ్చెను. లోయర్ ఎలిమెంటరీ, హయ్యర్ ఎలిమెంటరీ, సెకండరీ గ్రేడు అను శిక్షణ తరగతుల పేర్లు పల్లెలలో గూడ వినవచ్చెను. 1937లో గాంధీమహాత్ముడు వార్ధాలో చేతిపని మూలముగా చదువు చెప్పవలెనని బోధించిన పిమ్మట శిక్షణ పాఠశాలలలో తకిలి తిరిగెను. మిల్లుబట్ట బడినుండి బిడ్డను తరిమిన దేశములో, నూలు వడకుటనే పాఠముగా చేయుట ఆ మహాత్ముని ఉద్దేశము. అది చాలచోట్ల తకిలి త్రిప్పుటతోనే నిలిచిపోవుట వేరు సంగతి.

1953లో కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని యయ్యెను. 1959లో పంచాయతీ సమితులు ఏర్పడి, బోర్డుబడులు సమితిబడులైనవి. పదియేండ్లలో పదునాలుగేండ్ల లోపు పిల్లలందరికి నిర్బంధ ఉచిత విద్య నియ్యవలెనని రాజ్యాంగము 1950లో ఆదేశించినను, ఆ గడువు తీరకయే గడచెను. 1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి జిల్లాకొక ఉపాధ్యాయ శిక్షణ సంస్థ ఏర్పడెను. కర్నూలు జిల్లాకు బి. తాండ్రపాడులోను, నాటి కడప జిల్లాకు రాయచోటిలోను అట్టి సంస్థలు వెలసినవి. జిల్లాకిద్దరికి మద్రాసులో శిక్షణ నియ్యవలెనని మన్రో వ్రాసిన నూటయరువది యేండ్లకు శిక్షణ మన వాకిటికి వచ్చెను. 2003లో ఆంధ్రప్రదేశ్ బడులలో మధ్యాహ్న భోజనము మొదలయ్యెను. గురువు ఉన్న ఊరు చేరి భిక్షాన్నముతో చదువుకొను పేద బ్రాహ్మణ బాలురను గూర్చి 1825లో కడప కలెక్టరు వ్రాసియుండెను. కులభేదము లేక ప్రతిబిడ్డకు బడిలోనే అన్నము దొరకుట ఆ లెక్కకు వచ్చిన పెద్దజమ. 2010 ఏప్రిల్ 1 నుండి ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు చదువు బిడ్డ హక్కని చట్టము అమలునకు వచ్చెను.

అంతటితో కథ తీరినదా? ఇరువదవ శతాబ్ది చివర కర్నూలు జిల్లాలో సంకర ప్రత్తివిత్తనముల సాగు వ్యాపించెను. ఆ చేలలో మొగ్గ విప్పి, కేసరములు తీసి, మరునాడు పుప్పొడి అద్దవలెను. ఆ పనికి బాలికల లేతవ్రేళ్ళను వెదకిరి. వారి బడిమాన్పు మీద పరిశోధకులు పుటలు నింపిరి. ఆదోని, కోసిగి వైపు పల్లెలలో వానలు తప్పిన యేట కుటుంబములు సుగ్గికి గుంటూరు సీమకు తరలుట నేటికిని కలదు; వెంట పిల్లలును పోవుదురు. 1823లో కాంబెల్ వ్రాసిన లేతచేతుల మాట ఇంకను పూర్తిగా పాతబడలేదు. పంతులు జీతము నిలిచినది, శిక్షణ కుదిరినది. బిడ్డ తండ్రి బ్రతుకుతెరువు నిలుచుట మాత్రము మిగిలియున్నది.

ఈ రెండువందల యేండ్ల పద్దులను కూడిక చేసి చూచినచో తేలునది ఇంతే. మన పల్లెబడి పద్ధతి లేక చెడలేదు. ఆ పద్ధతిని సముద్రము దాటి వచ్చినవారే నేర్చుకొనిపోయిరి. తల్లిదండ్రుల చేతిలో అణా లేక బడి చెడెను; అయ్యవారి యింట గింజ లేక చెడెను; కొందరు బిడ్డలను అరుగు దిగువనే నిలుపుటచేత మొదటినుండియు సగమై యుండెను. చట్టములు, శిక్షణలు, భవనములు వచ్చినవి. అయినను సుగ్గికి పోవు కుటుంబమును చూచి "పిల్లను మాయింట ఉంచుము, బడికి పంపెదము" అనగల పొరుగువాడు ఊరిలో నుండవలెను. సాయంకాలము గ్రంథాలయములో ఆ పిల్లచేత పత్రిక చదివించి వినగల పెద్దలుండవలెను. అట్టి ఊరిలో "బ్రతుకలేక బడిపంతులు" అను సామెత క్రమముగా అర్థము కోల్పోవును. సామెత యొకటి పోయినందువలన భాషకు కలుగు నష్టము స్వల్పము.